చేతులు వెనక్కి

మా కాలేజీలో ఒక సీఆర్వో ఉండేది. అంటే కేథోడ్ రే ఆసిలోస్కోపు. గళ్ళు గీసిన చిన్న గాజుతెర, దాని పక్కన వరసగా తిప్పే నాబులు, తీగలో పరుగెత్తే కరెంటును ఆకుపచ్చ గీతగా గీసి చూపించే పెట్టె. దాన్ని చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దానిలో గీతను చూసినవాళ్ళు మాత్రం నేను చేరేనాటికి ఒక్కరూ మిగల్లేదు.

నేను చేరింది రెండువేల సంవత్సరంలో. పాతబస్తీలో కిషన్‌బాగ్ దగ్గర ఆడపిల్లల డిగ్రీ కాలేజీ, ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగం. నా పేరు మైథిలి. మాది తెనాలి. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివాను, మావారికి ఇక్కడ ఆఫీసులో ఉద్యోగం కాబట్టి ఈ ఊరు వచ్చాను. నాకు కోపం ఎక్కువని మా అత్తగారు అంటారు. ఆవిడ మా ల్యాబ్‌కి వచ్చి ఒక్క పూట కూర్చుంటే ఆ మాట వెనక్కి తీసుకునేవారు.

ల్యాబ్ అంతా రామచంద్రరావు గారి అధీనంలో ఉండేది. ఆయన మా డిపార్ట్‌మెంటు పెద్ద. కాకినాడ వైపు మనిషి, సర్వీసులో ఎక్కువ భాగం పాతబస్తీలోనే గడిచింది. మంచివారు. నోట్సు చెబితే కామా కూడా పొల్లు పోకుండా చెప్పేవారు. బోర్డు మీద సీఆర్వో బొమ్మ వేస్తే తుడవడానికి మనసొప్పేది కాదు. కానీ అసలు సీఆర్వోని ఆయన ఆన్ చేసింది ఒక్కసారే, ప్రిన్సిపాల్ దానికి కొబ్బరికాయ కొట్టిన రోజున. అప్పుడే వోల్టేజి పడిపోయి ట్యూబ్‌లైటు మినుకుమినుకుమనడంతో గబగబా ప్లగ్గు పీకేశారట. తర్వాత దానికి భార్య కోటేశ్వరమ్మ గారి చేత ముఖమల్ గలీబు కుట్టించి, బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు.

ఆయన భయం ఉత్త భయం కాదు. ఆయనకు ముందు పనిచేసిన బసవయ్య గారు రిటైరయ్యేటప్పుడు ఒక గాల్వనోమీటరుకు ముల్లు విరిగి ఉందని తేలింది. ఎవరు విరిచారో, ఎప్పుడు విరిచారో తెలియలేదు. తెలిసేదాకా పింఛను ఆపారు. బసవయ్య గారు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఆ ముల్లు సంగతి తేలకముందే పోయారు. రామచంద్రరావు గారు ఆయన్ని సాగనంపి వచ్చి, మర్నాడే ల్యాబ్‌లో కొత్త నియమం పెట్టారు. పరికరం దగ్గరికి వచ్చే పిల్ల ఎవరైనా సరే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.

పాఠం ఎలా జరిగేదో చెబుతాను. ఆయన బీరువా తలుపులు తీసి, గలీబు పైకెత్తి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టేవారు. అందరి చేతులూ వెనకే. ఒక వెదురు పుల్ల తీసుకుని, అది కూడా తగలకుండా బెత్తెడు దూరం నుంచి చూపిస్తూ, టైమ్‌బేస్ అనేవారు. పిల్లలు ఒక్క గొంతుతో, కుడివైపు పైది, అల ఎంత వేగంగా గీయాలో చెప్పేది అనేవారు. ట్రిగ్గర్ అంటే, దాని కింది చిన్నది, పరుగెత్తే అలను నిలబెట్టేది. ఇంటెన్సిటీ అంటే, ఎడమవైపు అడుగున, వెలుతురు పెంచేది. ఎక్కాలు అప్పజెప్పినట్టే. కొన్నాళ్ళకి పిల్లలు కళ్ళు మూసుకుని కూడా ఏ నాబు ఎక్కడుందో చెప్పేవారు. ముట్టుకోవడం ఒక్కటే సిలబస్‌లో లేదు.

మరి రీడింగుల మాటేమిటని చేరిన కొత్తలో అడిగాను. ఆయన గర్వంగా చూపించారు. గాజుతెర మీద సరిగ్గా పట్టేటట్టు బటర్ పేపరు కత్తిరించి, దాని మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో చక్కటి అల గీసి, మైదా జిగురుతో అంటించారు. పిల్లలు ఆ అల ఎన్ని గళ్ళలో ఉందో లెక్కపెట్టి, గుణించి, భాగించి జవాబు తేవాలి. జవాబు ఎప్పుడూ సెకనుకు యాభై అలలు. ఏ సంవత్సరమైనా యాభై, ఏ పిల్లకైనా యాభై, కరెంటు ఉన్నా పోయినా యాభై. కరెంటు కోతలో కూడా ఎలక్ట్రానిక్స్ ప్రాక్టికల్స్ ఆగని కాలేజీ జంటనగరాల్లో మాది ఒక్కటే అయి ఉంటుంది.

పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు ఊరుకునేవారా అని మీకు అనుమానం రావచ్చు. వాళ్ళ కాలేజీల్లోనూ బీరువాలున్నాయి, వాళ్ళకూ పింఛన్లున్నాయి. ఒకాయనైతే మా కాగితాన్ని చూసి ముచ్చటపడి, దాని కొలతలు చీటీ మీద రాసుకుని వెళ్ళారు.

నేను పోట్లాడాను. వాల్తేరులో మేం నలుగురం కలిసి ఒక సీఆర్వో మీద పడి దొర్లేవాళ్ళమనీ, ఏదీ కాలిపోలేదనీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మీరు చిన్నవారు మైథిలి గారూ, మీకింకా బోలెడు సర్వీసుంది" అన్నారు. నేను చేతిలో చాక్‌పీసు చెత్తబుట్టలోకి విసిరేసి వచ్చాను. అలా మూడేళ్ళు ఆ బుట్టలో చాలా చాక్‌పీసులు పడ్డాయి.

అప్పుడు ఉమ్మే హానీ ఫైనలియర్‌కి వచ్చింది. ఆమె తండ్రి బాబూమియాకి కిషన్‌బాగ్‌లోనే టెంట్‌హౌస్ ఉంది, పెళ్ళిళ్ళకి షామియానాలూ కుర్చీలూ బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగ్‌లూ అద్దెకిచ్చే దుకాణం. పిల్ల చురుకైనది, మాట తక్కువ. అందరిలాగే చేతులు వెనక్కి కట్టుకుని అప్పజెప్పేది గానీ, ఆ చేతులు వెనక ఊరికే ఉండేవి కావు. నేను వెనక బెంచీ నుంచి చూసేదాన్ని. ట్రిగ్గర్ అన్నప్పుడు ఆ పిల్ల వేళ్ళు గాలిలో చిన్నగా తిరిగేవి.

ఆ ఏడాది జల్‌పల్లి దారిలో ఇన్వర్టర్లు తయారుచేసే కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. తయారైన బోర్డులను పరీక్షించడానికి సైన్సు చదివిన అమ్మాయి ఒకరు కావాలని మా కాలేజీకి కబురొచ్చింది. ఒకటే ఉద్యోగం. సీఆర్వో తెలిసి ఉండాలి, వచ్చి చేసి చూపించాలి అన్నారు. ఉమ్మే హానీ నా దగ్గరికి వచ్చింది. డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని ఇంట్లో అడుగుతున్నారట. ఇల్లు దాటి పనిచేయడానికి తండ్రి ఒప్పుకున్నాడు, అయితే అది చదువుకు తగ్గ పని అయి ఉండాలి. ఇది వస్తే వచ్చినట్టు, లేకపోతే దుకాణంలో కూర్చుని ఎన్ని కుర్చీలు వెళ్ళాయో ఎన్ని తిరిగొచ్చాయో రాసుకోవడం. ఆ పని తనకు బాగా వచ్చనీ, అందుకే వద్దనీ చెప్పింది.

"మేడం, నాకు అన్ని నోటికొస్తయ్. గని ఒక్కపారన్న చెయ్యి పెట్టనీయుండ్రి. గీత ఎట్లుంటదో నేను ఇప్పటిదాంక చూడలే."

ఎలక్ట్రానిక్స్ మూడేళ్ళు చదివిన పిల్ల అన్న మాట అది. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపమై రామచంద్రరావు గారి గదిలోకి నడిపించింది. ఆయన తలెత్తలేదు. ఏప్రిల్‌లో రిటైరవుతున్నారు. నో డ్యూస్ కాగితం మీద అందరి సంతకాలూ అయ్యాయి, ల్యాబ్ స్టాకు తనిఖీ ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళు కాపాడిన దాన్ని ఇప్పుడు ఒక పిల్ల చేతిలో పెట్టమంటారా అని అడిగారు. గొంతులో పౌరుషం లేదు, వేడుకోలు ఉంది. బసవయ్య గారి కథ మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. నేను ఓడిపోయి బయటికి వచ్చి, సార్ ఒప్పుకోలేదు, ఏదైనా పోతే పూచీ ఎవరిదంటున్నారు అని ఉమ్మే హానీకి చెప్పాను.

ఆ పిల్ల ఇంట్లో అదే మాట చెప్పింది. బాబూమియాకి అందులో తప్పేమీ కనబడలేదు. పైపెచ్చు, చాలా సరైన మాటగా తోచింది. మర్నాడు పొద్దున కాలేజీ గేటు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి దుప్పటి చుట్టిన పెద్ద కలర్ టీవీని దించి, ఇద్దరు మనుషుల చేత మోయించుకుంటూ ఆయన నేరుగా ల్యాబ్‌లోకి వచ్చాడు. తెల్ల లాల్చీ, మెడలో కొలత టేపు, నోట్లో పాన్. రామచంద్రరావు గారికి సలాం చేసి, టీవీని బల్ల మీద పెట్టించాడు.

"సార్, నా దుకాన్ల దేగ్ బయటికి పోవాల్నంటె ఏదన్న ఒక చీజు నా తాన పెట్టిపోవాలె. మీ రివాజ్ గూడ గదే గద, తప్పేం లే. మీ టీవీ గింత ఉన్నది, మా టీవీ గంత ఉన్నది. మా పిల్ల చేతుల మీది పలిగితె మాది ఉంచుకోండ్రి."

రామచంద్రరావు గారు అది టీవీ కాదని చెప్పబోయారు. మరి బొమ్మలు రావా అని బాబూమియా అడిగాడు. రావు, గీత ఒక్కటే వస్తుందన్నారు ఈయన. గీత ఒక్కటేనా, అయితే బేరంలో లాభం మీకే అని బాబూమియా నవ్వి, రిమోట్ కూడా జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఏం జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇన్నేళ్ళలో ఆయన భయాన్ని కొట్టిపారేయకుండా, దానికి తగిన వస్తువు తెచ్చి ఎదురుగా పెట్టిన మనిషి అతనొక్కడే అనుకుంటాను. ఆయన చాలాసేపు టీవీని చూశారు. తర్వాత కాగితం తీసుకుని, రిమోటు సహా ముట్టిందని రసీదు రాసిచ్చారు. లోపలికి చెయ్యి పోనిచ్చి జంధ్యం పైకి లాగారు.

ఉమ్మే హానీని పిలిపించాం. అదే ఉద్యోగం కోసం పరీక్షకు వెళ్ళే ఇంకో పిల్ల హరిప్రియను కూడా పిలిచాను. ఆమె తండ్రి గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి చాంద్రాయణగుట్టలో స్థిరపడిన గుమాస్తా. క్లాసులో అందరికన్నా బాగా అప్పజెప్పేది ఆ పిల్లే. రామచంద్రరావు గారు తడిగుడ్డతో నెమ్మదిగా అద్ది, తెర మీది బటర్ పేపరును ఊడదీసి, జాగ్రత్తగా పుస్తకంలో పెట్టుకున్నారు. ప్లగ్గు పెట్టారు. స్విచ్చి వేశారు. తెర నల్లగానే ఉంది.

"పోయింది. బసవయ్య గారి గతే నాదీనూ" అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. నేను ముందుకు వెళ్ళబోయేలోగా వెనక నుంచి ఉమ్మే హానీ గొంతు వినబడింది. చేతులు కట్టుకునే ఉంది. ఎడమవైపు అడుగున, వెలుతురు పెంచేది, కుడికి తిప్పండి సార్ అంది. ఆయన తిప్పారు. చీకట్లోంచి ఒక ఆకుపచ్చ గీత లేచి, తెర ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా నిలబడింది.

రామచంద్రరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గీతను పైకి జరిపారు, కిందికి జరిపారు. సన్నం చేశారు, లావు చేశారు. తీగ తగిలిస్తే అది అలగా మారింది. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. చేతులు తీయండి అని చెప్పడం ఆయన మరిచిపోయారు.

అక్కడితో కష్టాలు తీరాయనుకున్న నాకు బుద్ధి లేదు. అంతకుముందు ఆయన భయం వల్ల పిల్లలు దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆయన ప్రేమ వల్ల ముట్టుకోలేకపోయారు. పొద్దున నా కన్నా ముందే వచ్చి దాని ముందు కూర్చునేవారు. పాత రేడియో తగిలించి వార్తలు ఎలా ఉంటాయో చూశారు. మైకు తగిలించి సరిగమలు పాడారు. భోజనం క్యారేజీ తెచ్చిన కోటేశ్వరమ్మ గారిని నిలబెట్టి, "ఏదీ, ఊఁ అను" అన్నారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది, ఇప్పుడు ఊఁ అనడానికి సిగ్గుపడ్డారు. ఉమ్మే హానీ అడిగితే ఇంకొక్క నిమిషం తల్లీ అనేవారు. ఆ నిమిషం సాయంత్రం బెల్లు కొట్టేదాకా సాగేది.

బాబూమియా టీవీ కూడా ఖాళీగా లేదు. అవి ప్రపంచకప్పు రోజులు. స్టాఫంతా ఖాళీ దొరికితే ల్యాబ్‌లోనే ఉండేవారు, ప్రిన్సిపాల్‌తో సహా. సైన్సు మీద మా కాలేజీకి అంత ఆసక్తి ముందూ లేదు, తర్వాతా లేదు.

ఫ్యాక్టరీలో పరీక్ష రేపనగా నాకు ఓపిక నశించింది. పింఛను కాగితాల మీద సంతకం కోసం అకౌంట్స్ ఆఫీసు నుంచి మీకు పిలుపు వచ్చింది, ఇవాళే వెళ్ళకపోతే ఆ గుమాస్తా సెలవు మీద పోతాడు అని రామచంద్రరావు గారికి చెప్పాను. సగం నిజమే. ఆయన అయిష్టంగానే లేచి, సీఆర్వోని ఒకసారి, నన్ను ఒకసారి చూసి వెళ్ళారు. నేను తలుపు గడియ పెట్టి, ఉమ్మే హానీని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను.

ఆ పిల్ల చేతులు ముందుకు తెచ్చి, వాటిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత కళ్ళు మూసుకుంది. ఎడమచెయ్యి ఇంటెన్సిటీ మీదికి, కుడిచెయ్యి టైమ్‌బేస్ మీదికి వెతుక్కోకుండా వెళ్ళాయి. నేను తీగ తగిలించి, కావాలని అల పరుగెత్తేటట్టు చేశాను. ఆమె కళ్ళు తెరిచి చూసి, ట్రిగ్గర్ నాబును వెంట్రుకవాసి తిప్పింది. అల ఆగింది. నాకేసి తిరిగి, ఆగింది మేడం అంది. నాకు ఎందుకో ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకున్నాను. సాయంత్రానికి నేను ఎలా చెరిపినా గీతను తిరిగి తెచ్చేయడం వచ్చేసింది. హరిప్రియను కూడా రమ్మన్నాను. ఆమె రాలేదు. ఏదైనా అయితే మా నాన్న దగ్గర తాకట్టు పెట్టడానికి టీవీ కూడా లేదు మేడం అని, చేతులు కట్టుకునే నిలబడి చూసింది.

మర్నాడు ఇద్దర్నీ తీసుకుని జల్‌పల్లి బస్సెక్కాను. ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, ముందు గదిలో ఏసీ. ఆ ఏసీ గదిలో బల్ల మీద కొత్త ఆసిలోస్కోపు, తళతళలాడుతోంది. నాబుల మీద అడ్డంగా సెల్లోటేపు వేసి ఉంది. మేనేజరు వైకుంఠం గారు మర్యాదస్తులు, మాకు టీ తెప్పించారు. బెంగుళూరు నుంచి ఇంజనీరు వచ్చి సెట్టింగు చేసి వెళ్ళాడనీ, అప్పట్నుంచీ దాన్ని ఎవరూ కదపలేదనీ గర్వంగా చెప్పారు. అలాంటి గర్వం నేను మూడేళ్ళుగా చూస్తున్నాను.

మొదట హరిప్రియ వంతు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఏ నాబు ఏం చేస్తుందో, అలను ఎలా లెక్కించాలో, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. వైకుంఠం గారు తల ఊపుతూ విన్నారు. తర్వాత ఉమ్మే హానీ. తెర మీద అల ఉంది, సెకనుకు ఎన్ని అలలో చెప్పమన్నారు. ఆ పిల్ల తెర వైపు వంగి చూసింది. అల నిలబడి లేదు, మెల్లగా ఎడమవైపుకి పాకుతోంది. గదిలో ఎవరికీ ఆ సంగతి పట్టినట్టు లేదు. ఆమె సెల్లోటేపు కొస గోటితో లేపి, టేపు ఊడదీసి, ట్రిగ్గర్ తిప్పింది. అల ఠక్కున ఆగింది. గళ్ళు లెక్కపెట్టి, నలభై ఎనిమిది సార్ అంది. సరైన లెక్కే. నేను నా కుర్చీలోంచే చూశాను.

వైకుంఠం గారు లేచి నిలబడ్డారు. ఎవరు ముట్టుకోమన్నారమ్మా అని అడిగారు. అది ఆగకపోతె ఎట్ల లెక్కబెడత సార్ అని ఆ పిల్ల నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయన కోప్పడలేదు. మనిషిని పిలిచి, కొత్త టేపు తెప్పించి, దగ్గరుండి అతికించారు. ఇప్పుడు అల ఆగి ఉండగా అతికించారు కాబట్టి ఫ్యాక్టరీకి ఆ పూట మేలే జరిగింది. కానీ ఆ ముక్క చెబితే వినే స్థితిలో ఆయన లేరు. ఆయన నన్ను పక్కకు పిలిచి అన్నారు. "ఆ పిల్ల తెలివైందేనమ్మా. కానీ మాకు మిషన్‌ని చూసుకునే అమ్మాయి కావాలి, మార్చే అమ్మాయి కాదు." నేను గట్టిగానే మాట్లాడాను. నా గొంతు షెడ్డు అవతలికి వినబడి ఉంటుంది. ఉద్యోగం హరిప్రియకు ఇచ్చారు.

తిరుగు బస్సులో హరిప్రియ ముందు సీట్లో కూర్చుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఉమ్మే హానీ నా పక్కన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చాంద్రాయణగుట్టలో బస్సు ఆగినప్పుడు, "నా చెయ్యి ఊకోలే మేడం" అంది. నేను ఆ చెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదు.

రామచంద్రరావు గారు పొంగిపోయారు. మా పద్ధతిలో చదువుకున్న విద్యార్థినికి ఉద్యోగం అని తన గుండ్రటి అక్షరాలతో రాసి నోటీసు బోర్డులో పెట్టించారు. ఉమ్మే హానీ సంగతి అడిగితే, తొందరపాటు అన్నారు, బాధగానే అన్నారు. బాబూమియా టీవీ తీసుకెళ్ళడానికి వచ్చాడు. టెంట్‌హౌస్ అలవాటు ప్రకారం దాన్ని నాలుగు వైపులా తట్టి చూసి, ఆన్ చేసి, ఛానళ్ళన్నీ తిప్పి, సరిగ్గా ఉందని తల ఊపాడు. తర్వాత రామచంద్రరావు గారిని అడిగాడు.

"మా పిల్ల ఏం పలగ్గొట్టలే గద సార్?"

"లేదు లేదు. ఏమీ కాలేదు."

"ఇటు ఏం పలగ్గొట్టలే, అటు ఏం పలగ్గొట్టలే. మరి నౌకరి ఎందుకు రాలే?"

రామచంద్రరావు గారు రసీదు వాపసు తీసుకుని చింపేశారు.

ఏప్రిల్ చివర ఆయన రిటైరయ్యారు. స్టాకులో ఒక్క పిన్ను కూడా తగ్గలేదని తనిఖీవాళ్ళు రాశారు. శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్ళబోతూ ఒకసారి ల్యాబ్‌లోకి వచ్చి, సీఆర్వో ఆన్ చేసి, గీతను చూసి, ఆపి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు ఆయన మీద ఉన్న కోపం ఆ క్షణాన ఏమైందో తెలియదు, కాళ్ళకు దణ్ణం పెట్టాను.

మే నెలలో ఒక బుధవారం నేను పరీక్ష డ్యూటీ చేస్తుంటే హరిప్రియ వచ్చింది. ఆ రోజు ఫ్యాక్టరీకి పవర్ హాలిడే. కరెంటు పోయినవాళ్ళ కోసం ఇన్వర్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీ, కరెంటు లేక వారానికో రోజు మూతపడేది. పిల్ల నలిగిపోయి ఉంది. నిన్న ఏసీ చెడిపోయి, ఎండకు సెల్లోటేపు జిగురు కరిగి ఊడిపోయిందట. చున్నీ తగిలి నాబు తిరిగిందట. గీత మాయమైంది. ఎవరికీ చెప్పకుండా ఆపేసి వచ్చింది. రేపు పొద్దున బోర్డులు వస్తాయి. మేడం, గీతను ఎలా తేవాలో చెప్పండి అంది.

చెప్పడం నాకు ఎంతసేపు. కానీ నా కోపం నాకుంది. ఆ విద్య ఇక్కడ ఇంకొకరికి బాగా వచ్చు, వెళ్ళి నువ్వే పిలుచుకురా అన్నాను. హరిప్రియ తల వంచుకుని వెళ్ళింది. దుకాణంలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మధ్యాహ్నం దాటాక ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. ఉమ్మే హానీ చేతికి షామియానా తాళ్ళ దుమ్ము ఉంది. కుళాయి దగ్గర కడుక్కుని వచ్చింది.

ఆమె సీఆర్వో ఆన్ చేసి, గీత వచ్చాక, అన్ని నాబులూ చేతికొచ్చినట్టు తిప్పి పాడుచేసింది. తెర నల్లబడింది. కుర్చీ ఖాళీ చేసి నిలబడింది.

"ఇగో హరిప్రియా, నీ మీద నాకు కోపమున్నది. మస్తుగున్నది. అది వేరే. నీకు అన్ని నోటికొస్తయ్, నాకంటె ఎక్కువనే. ఇప్పుడు కూసోని చెయ్యి పెట్టు. గీతను నువ్వే తీస్కరా."

హరిప్రియ వేళ్ళు నాబు దాకా వెళ్ళి ఆగిపోయాయి. నోటితో చెబుతోంది, చెయ్యి కదలడం లేదు. ఉమ్మే హానీ ఆ చేతిని పట్టుకుని తిప్పుతుందేమోనని చూశాను. పట్టుకోలేదు, తొందరపెట్టనూ లేదు. చాలాసేపటికి హరిప్రియ తిప్పింది. ఏమీ రాలేదు. ఇంకోటి తిప్పింది. తెర కింది అంచున ఏదో మెరిసింది. దాన్ని పైకి లాగింది, అలను చేసింది, అది పరుగెత్తుతుంటే ట్రిగ్గర్ మీద చెయ్యి వేసి తిప్పింది. అల ఆగింది. అది ఆగడం చూసి హరిప్రియ భోరున ఏడ్చేసింది. ఈ ఉద్యోగం నీది, నాకు తెలుసు, ఆ రోజు బస్సులోనే తెలుసు అంటోంది. మాటలు సరిగ్గా రావడం లేదు.

ఉమ్మే హానీ అంతా విని, తన దుపట్టా కొస ఆమెకు అందించింది.

"కండ్లు తుడ్సుకో. నీళ్ళుంటె గళ్ళు కనబడయ్. ఎన్నున్నయో లెక్కబెట్టి చెప్పు."

హరిప్రియ తుడుచుకుని లెక్కపెట్టి చెప్పింది. తప్పు. ఉమ్మే హానీ మళ్ళీ లెక్కపెట్టమంది.